మేకుల టైర్లు

నాలుగు కొట్టేసరికే షాపు అద్దంలోంచి పడే వెలుగు నీలంగా మారడం మొదలైంది. ముందు చక్రం ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది. వేసవి టైరు ఊడదీసి చలికాలపు టైరు ఎక్కిస్తోంది, ఒంటినిండా గోరంత ఉక్కు మేకులున్న టైరు. గడ్డకట్టిన రోడ్డు మీద బండి జారకుండా అవే పట్టుకోవాలి. టైరు అంచున చెక్కిన బాణం గుర్తు ముందుకే చూడాలి, తిరగబడితే మేకులు ఒక్కొక్కటే ఊడిపోతాయి అని ఏటా ఈ రోజుల్లో వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది, పోస్టుమాన్‌కీ, బేకరీ ఆయనకీ, రెండు వీధుల అవతలి లెక్కల టీచరమ్మకీ. ఇవాళ తనే రెండుసార్లు తిరగేసి ఎక్కించింది. పదహారేళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్న చేతులు, ఆమె వేరే ఏదో ఆలోచిస్తున్నా వాటి పని అవి చేసుకుపోయే చేతులు, ఇవాళ అడుగడుక్కీ ఆగి ఆమె మొహం చూస్తున్నట్టున్నాయి. బండి తమ్ముడిది, బ్యాటరీతో నడిచే సైకిలు. మందుల షాపులో డెలివరీ పని. ఐదింటికి డ్యూటీ ఎక్కాలి, పావుగంట ముందొచ్చి బండి తీసుకెళ్తానన్నాడు. ఇంకా ముప్పావుగంట ఉంది. ముప్పావుగంటలో బయట పూర్తిగా చీకటి పడిపోతుంది.

బ్యాటరీ లోపలి గదిలో, హీటరుకు మూరెడు దూరంలో, పాత శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. చలికి బ్యాటరీ ముడుచుకుపోతుంది, ఎండాకాలంలో అరవై కిలోమీటర్లు తిరిగేది నలభై దాటకుండానే చేతులెత్తేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చార్జింగు పెట్టకూడదు, బయలుదేరే ముందు మాత్రమే బండికి తగిలించాలి. చంటిపిల్లకి కూడా ఇంత సేవ చెయ్యరే అక్కా అని వాడు నిన్న నవ్వాడు. వాడి ఇంట్లో చంటిపిల్ల ఉంది కాబట్టి ఆ మాట అనే హక్కు వాడికుంది. ఆమె కూడా నవ్వింది. నవ్వడం తేలిక, బండి గురించి మాట్లాడుకోవడం తేలిక. గొలుసుకి చిక్కటి నూనె, కరెంటు తీగలు కలిసేచోట తడి దూరకుండా గ్రీజు, బురద ఎగరకుండా వెనక మడ్‌గార్డుకి రబ్బరు తోక. బండికి వచ్చే ఏ జబ్బుకైనా ఈ గోడకు వేలాడే పనిముట్లలో ఏదో ఒకటి మందు. అందుకే ఆమెకు ఈ గది ఇష్టం. ఇక్కడ అంతుపట్టనిదేదీ లేదు. ఉండేది కాదు.

చక్రం బిగించి, వేళ్ళతో తిప్పి చూసి, ఆ తర్వాత లైటు దగ్గరికి వచ్చింది. లైటు చివరికి పెట్టుకుందామని పొద్దున్నుంచీ దాన్ని తప్పించుకుంటూనే ఉంది. ఇది మూడోది. ఎండలు తగ్గుముఖం పట్టినప్పుడు ఒకసారి వచ్చాడు, అక్కా ఇంకొంచెం పెద్ద లైటు ఉందా అని. పెట్టింది. ఆకులు రాలేటప్పుడు మళ్ళీ వచ్చాడు, ఇది కూడా సరిపోవట్లేదు, కంపెనీ వాళ్ళు మోసం చేస్తున్నారు అన్నాడు. మార్చింది. పోయిన వారం మళ్ళీ. షాపులో ఉన్నవాటిలోకెల్లా పెద్దది, అడవుల్లో కొండదారుల్లో తొక్కేవాళ్ళు పెట్టుకునేది తీసి చూపిస్తే, దాన్ని రెండు చేతులా పట్టుకుని, వెలిగించి, నేరుగా తన మొహంలోకే తిప్పుకున్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. వాడు రెప్ప వెయ్యలేదు. పర్లేదు, ఇది చాలనుకుంటా అన్నాడు.

మనుషులు అబద్ధం చెబుతారు గానీ బండికి చేతకాదు. ఎవరు ఎలా తొక్కుతారో బ్రేకులు చెబుతాయి, పెడళ్ళు చెబుతాయి. వాడి బండికి పెడళ్ళ అంచులు రెండువైపులా కొట్టుకుపోయాయి, హ్యాండిలు చివర రబ్బరు తొడుగులు చీలిపోయాయి. ఏడాది రావలసిన బ్రేకు ముక్కలు రెండు నెలలకే అరిగిపోయాయి. గోడకి ఆనించినప్పుడు గీసుకుంది అన్నాడు. ఒక గోడకి ఆనిస్తే రెండువైపులా ఎలా గీసుకుంటుంది? ఆ బ్రేకుల్ని ఆమె వేలితో తడిమి చూసింది. తొందరలో ఉన్నవాడు ఇలా అరగదియ్యడు. ఇది అడుగడుక్కీ ఎదురుగా ఏదో ఉందేమోనని భయపడుతూ, పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంటూ పోయేవాడి బండి. ఇలాంటి బ్రేకులు ఆమె ఇదివరకు ఒకసారి విన్నది. అవును, చూడలేదు, విన్నది. నాన్న నడిపిన బస్సు అలాగే పోయేది, ఆగి, నిట్టూర్చి, కదిలి, మళ్ళీ ఆగి.

ఇంట్లో ఆ జబ్బుకి పేరు లేదు. రేచీకటి అన్న మాట ఆమె మొదటిసారి విన్నది పెళ్ళయి, భర్త పోయి, తిరిగొచ్చి ఈ షాపు పెట్టుకున్నాక, మందు చుక్కల కోసం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు. అమ్మ దాన్ని అలసట అనేది. నాన్నకి సాయంత్రాలు అలసట. బల్బు మార్చమని నాన్న అడిగితే, నిన్ననే మార్చాను అనకుండా లేచి, అదే బల్బు ఊడదీసి మళ్ళీ అదే బిగించి, ఇప్పుడు బాగుందా అని అడిగేది. బాగుంది అనేవాడాయన. ఇక తమ్ముడు. నాలుగేళ్ళవాడు, పొద్దున్న లేడిపిల్లలా గెంతేవాడు, దీపాలు పెట్టేవేళకి గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేసేవాడు. అందరూ వాణ్ణి తాబేలు అని పిలిచారు. ముప్పై ఏళ్ళొచ్చినా ఆ పేరు పోలేదు, మొన్న వాడి భార్య కూడా పిల్లని ఆడిస్తూ మీ నాన్న తాబేలటే అంది. అందరూ నవ్వేవారు. నాన్న ఒక్కడే నవ్వేవాడు కాదు. వాడు గోడ పట్టుకుని వస్తుంటే కంచంలోంచి తలెత్తి ఒకలా చూసేవాడు. ఆ చూపుకి అర్థం ఆమెకు ఎన్నేళ్ళకో తెలిసింది, అప్పటికి నాన్న లేడు.

లైటు పట్టీ బిగిస్తుంటే మర చేతిలోంచి జారి బల్ల కిందకి దొర్లింది. మోకాళ్ళ మీద వంగి వెతికింది. దొరికింది, కనబడింది, దుమ్ములో మెరుస్తూ. తనకి కనబడుతుంది. ఇద్దరిలో తనకి రాలేదు, వాడికి వచ్చింది. ఎవరు పంచారో ఎలా పంచారో. ఆ సంతోషానికి ప్రతిసారీ సిగ్గుపడుతుంది, ఇప్పుడు కూడా నేలమీద వంగి సిగ్గుపడింది. వాడి కోసం ఏం చెయ్యమన్నా చేస్తానని లోపల్లోపల అనుకున్నది అందుకే. చేసింది కూడా. పోయిన వసంతంలో మందుల షాపు వాళ్ళు కళ్ళ పరీక్ష కాగితం తెమ్మన్నారు. పగలు అద్దాలు లేకుండా పేపరు చదివేవాడికి పరీక్ష చేసే మసక గదిలో, గోడమీది అక్షరాల చట్రం ఎక్కడుందో కూడా తెలియదని వాడికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ముందురోజు ఆమె తన కళ్ళు చూపించుకునే మిషతో అదే గదికి వెళ్ళి, ఐదు వరుసలూ కంఠస్థం చేసి వచ్చింది. రాత్రి భోజనాల బల్ల దగ్గర కూర్చుని వాడికి వల్లెవేయించింది, చిన్నప్పుడు ఎక్కాలు వల్లెవేయించినట్టే. మూడో వరుసలో తప్పితే నెత్తిమీద మొట్టింది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. వేసవి వరకే అక్కా, ఎనిమిదింటిదాకా వెలుతురుంటుంది, చలికాలానికి లోపలి పని ఏదైనా చూసుకుంటా, నీమీద ఒట్టు అన్నాడు. అప్పుడు మరదలికి ఏడో నెల. ఆమె సరే అంది. వేసవి ఎంతకీ అయిపోదనిపించే రోజులవి.

ఫోను మోగింది. మరదలు.

"వదినా, ఆయన బయలుదేరారు. లోపల వేసుకునే ఉన్ని టోపీ ఇక్కడే మర్చిపోయారు. మీ దగ్గర ఇంకోటి ఉందా?"

"ఉంది. నేను వేస్తాలే. పాప ఏం చేస్తోంది?"

"ఇప్పుడే పడుకుంది. వదినా, ఆయనకి నిద్ర సరిపోవట్లేదనుకుంటా. ఈ మధ్య గుమ్మాలకి తగులుకుంటున్నారు. మొన్న సాయంత్రం పాపని ఎత్తుకుని నడుస్తూ ఊయల స్టాండుకి తగిలి తూలారు. పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. మీరొకసారి చెప్పండి, మీ మాటయితే వింటారు."

చెబుతాను అంది. పెట్టేసింది. ఆ అమ్మాయికి తెలియదు. ఆ అమ్మాయి గొంతులో అలసట అన్న మాట ఇంకా పుట్టలేదు గానీ పుట్టబోతోంది, నిద్ర సరిపోవట్లేదు అంటోంది, ఇంకొన్నాళ్ళకి బల్బు ఊడదీసి మళ్ళీ అదే బిగిస్తుంది. ఆమె గాలి పంపు అందుకుంది. మేకుల టైరులో గాలి మరీ బిగువుగా ఉండకూడదు, కొంచెం వదలాలి, రబ్బరు నేలమీద పరుచుకుంటే మేకులు ఎక్కువ పట్టుకుంటాయి. బుస్సుమని గాలి పోతోంది. ఆ శబ్దం బస్సు తలుపు తెరుచుకునే శబ్దం.

అమ్మ సాయంత్రాలు నాన్న బస్సులో తిరిగేది. డ్రైవరు సీటుకి సరిగ్గా వెనక సీటు, చేతిలో అల్లిక, ఒళ్ళో ఉన్నిబంతి. చివరి ట్రిప్పు దాకా అక్కడే. రోజూ ఎక్కేవాళ్ళు, ఏం అన్యోన్యతండీ ఇద్దరిదీ అని ముచ్చటపడేవారు. అమ్మ అల్లికలోంచి తలెత్తకుండానే నాన్నకి మాత్రం వినబడేలా చెబుతుండేది, ఎడమపక్క సైకిలు, ఎర్రదీపం, ఇద్దరు దాటుతున్నారు, పోనివ్వు. ఒక చలికాలం అమ్మకి జ్వరం వచ్చింది. పన్నెండేళ్ళ కూతుర్ని దగ్గరికి పిలిచి, ఇవాళ నువ్వెళ్ళి నాన్న వెనక కూర్చో, రోడ్డు మీదికి ఏదొచ్చినా మెల్లిగా చెప్పు, పెద్దగా అనకు, పక్కవాళ్ళు వింటారు అంది. వెళ్ళింది. గర్వంగా వెళ్ళింది. మొదటి ట్రిప్పు అంతా ఒక్కటీ వదలకుండా చెప్పింది, పిల్లిని కూడా చెప్పింది, నాన్న భుజాలు కదిలేలా నవ్వాడు. రెండో ట్రిప్పులో కిటికీ అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టింది. వేలితో ఒక గీత గీసింది. తర్వాత ఒక ఇల్లు, ఇంటికి తలుపు. తలుపుకి గొళ్ళెం పెడుతోంది. అంతే. అంతసేపే. పెద్ద శబ్దం కూడా కాదు, సంచి కిందపడ్డట్టు. బస్సు ఆగాక అందరూ ఒక్కసారే మాట్లాడారు. రోడ్డు మీద నల్లకోటు వేసుకున్న ముసలాయన, చుట్టూ రొట్టెలు దొర్లి ఉన్నాయి. నాన్న సీట్లోంచి వెనక్కి తిరిగాడు. ఆమె మొహం ఉండాల్సిన చోటికి కొంచెం పక్కగా చూస్తూ, చాలా నెమ్మదిగా చెప్పాడు: "నువ్వు ఈ బస్సు ఎక్కలేదు. వెనక తలుపులోంచి దిగి ఇంటికెళ్ళిపో." దిగింది. వెళ్ళింది. ముసలాయన మూడోరోజు పోయాడు. నాన్న ఎవరడిగినా నేను చూడలేదు అనే చెప్పాడు, చూడలేకపోయాను అని కూడా అనలేదు. అమ్మ ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

తలుపు తెరుచుకుని చలి లోపలికొచ్చింది, దాని వెనకే తమ్ముడు. గుమ్మం అంచు కాలితో తడిమి, ఒక అడుగు, ఇంకో అడుగు, ట్యూబులైటు కిందకి వచ్చాక మామూలు మనిషయ్యాడు. భుజాలు విడిపోయాయి, నవ్వొచ్చింది. వీధిలోంచి ఇక్కడికి రావడానికి వాడు ఎంత కష్టపడ్డాడో ఆ భుజాల్లో కనబడింది.

"పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేశావే బండిని. మరి పెళ్ళికొడుకు సంగతేంటి?"

ఆమె వాడికి బట్టలు తొడిగింది. లోపల పలచటి ఉన్ని చొక్కా, పైన గాలి చొరబడని జాకెట్టు, దాని మీద వెలుగు పడితే మెరిసే పట్టీలు. చెవులు కప్పే టోపీ, దానిమీద హెల్మెట్టు. గడ్డం కింద పట్టీ బిగిస్తూ, గడ్డకట్టిన చోట ముందు బ్రేకు ముట్టుకోకు, మలుపులో మోటారు సాయం తగ్గించు, తొక్కడం ఆపి బండిని దాని దారిన పోనివ్వు అని చెబుతోంది. చెబుతూ చెబుతూ తన గొంతు తనకే అమ్మ గొంతులా వినబడి ఆగిపోయింది. పట్టీ దగ్గర వేళ్ళు అలాగే ఉండిపోయాయి.

"చలికాలానికి వేరే పని చూసుకుంటానన్నావు."

"చూస్తున్నా అక్కా. ఈ ఒక్క చలికాలం. దారంతా నాకు కంఠస్థం. ఎన్ని తొక్కులకి మలుపొస్తుందో లెక్కపెట్టుకున్నా."

"మలుపులు కదలవురా. మనుషులు కదులుతారు."

వాడు నవ్వబోయి మానేశాడు. ఆమె అప్పుడు చెప్పింది. ఇరవయ్యారేళ్ళుగా ఎవరికీ చెప్పనిది, ట్యూబులైటు కింద, చేతికి గ్రీజుతో, నాలుగు మాటల్లో. నాన్న బస్సులో ఆ రోజు అమ్మ లేదు, వెనక సీట్లో నేనున్నాను, అద్దం మీద బొమ్మ గీసుకుంటున్నాను. వాడు చాలాసేపు హ్యాండిలు మీద తొడిగిన చలి తొడుగుల్ని సవరిస్తూ నిలబడ్డాడు, సవరించడానికి అందులో ఏమీ లేకపోయినా.

"అంటే నీ భయానికి నన్ను ఇంట్లో కూర్చోమంటావు."

"నా భయానికే అనుకో."

"నాకు పసిపిల్ల ఉందక్కా."

"ఆ ముసలాయనకీ ఎవరో ఒకరు ఉండే ఉంటారు."

"సరే. షాపుకి ఫోన్ చేసి చెప్పు. అక్షరాలు ఎవరు వల్లెవేయించారో అది కూడా చెప్పు."

కోపంగా అనలేదు. అందుకే తట్టుకోలేకపోయింది. బ్యాటరీ అప్పటికే బండికి తగిలించి ఉంది, వాడు వచ్చిన వెంటనే వెచ్చవెచ్చగా తెచ్చి తనే తగిలించింది. ఆమె లోపలి గదిలోకి వెళ్ళింది. ఫోను తీసి, మందుల షాపు మేనేజరు నంబరు నొక్కి, గోడవైపు తిరిగి నిలబడింది, వాడి మొహం కనబడకుండా. ఆయన ఎత్తాడు. చెప్పింది. ఫలానా డెలివరీ అతని అక్కనండీ, వాడికి సాయంత్రమైతే చూపు ఆనదు, పరీక్షలో చదివింది వాడు కాదు, వాడి చేత చదివించింది నేను. అవతల మందుల సీసాలు సర్దుతున్న చప్పుడు ఆగింది. ఆయన తిట్టలేదు, ఎందుకిలా చేశారు అని కూడా అడగలేదు. "మిగతాది రేపు మాట్లాడదాం. ఇవాళ మాత్రం అతన్ని కదలనివ్వకండి" అన్నాడు. అలాగేనండీ అని వెనక్కి తిరిగింది.

ముందు గదిలో తలుపు బార్లా తెరిచి ఉంది. స్టాండు ఖాళీగా ఉంది.

బ్యాటరీ బండికి చప్పుడుండదు, అదే దాని గొప్ప అని ఎంతమందికి చెప్పి అమ్మిందో. వీధిలోకి వచ్చి నిలబడింది, కోటు లేకుండా, పొగమంచు మొహానికి తడిగుడ్డలా తగులుతుంటే. వీధిదీపాలు వెలిగాయి గానీ ఒక్కో దీపం తన స్తంభానికి మాత్రమే వెలుగిస్తోంది. కుడికా, ఎడమకా. అప్పుడు వినబడింది, చాలా సన్నగా, పెనం మీద గింజలు పేలుతున్నట్టు. ఇంకా మంచు పట్టని పొడి రోడ్డు మీద ఉక్కు మేకులు చేసే చిటపట. ఎడమవైపు. ఆమె పరుగెత్తింది. వాడు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు, ఎనభై, ఎనభై ఒకటి. లెక్క పాత టైర్లది, ఇవి లావు, తొక్కుకి ఎంత దూరం పోతుందో మారిపోయి ఉంటుంది, ఈ సంగతి ఎందుకు తట్టలేదు, తొక్కుల లెక్క అని వాడు అన్నప్పుడే ఎందుకు తట్టలేదు. చిటపట ముందు పోతోంది, తను వెనక పోతోంది, ఊపిరి చాలడం లేదు, పేరు పెట్టి కేకవేద్దామంటే ఉలిక్కిపడి ఎటు తిప్పుతాడో అన్న భయం. గింజలు పేలడం నెమ్మదించింది. బ్రేకు. మళ్ళీ. మళ్ళీ బ్రేకు. తర్వాత ఒక్కసారిగా, ఏమీ లేదు.

ఆ ఏమీలేనితనంలో ఆమె ఎన్ని అడుగులు వేసిందో తెలియదు. మలుపు దగ్గర పొగమంచంతా తెల్లగా వెలిగిపోతోంది. అడవిదారుల లైటు తన వెలుగంతా పొగమంచుకే ధారపోసి, తెల్లటి గోడ ఒకటి కట్టి నిలబెట్టింది. ఆ గోడకి ఎదురుగా వాడు, రెండు కాళ్ళూ నేలకానించి, బండి మీదే. వాడికి నాలుగడుగుల దూరంలో, వెలుగుకి కాస్త పక్కగా, ప్రహరీకి వీపు ఆనించి, గొడుగు అడ్డం పట్టుకుని ఒక పెద్దాయన. బతికి ఉన్నాడు. నిలబడి ఉన్నాడు. ముందు చక్రం ఇంకొక్క చుట్టు తిరిగి ఉంటే అన్న ఆలోచన పూర్తికాకుండా ఆమె పిడికిళ్ళు బిగించుకుంది.

పెద్దాయనకి ఊపిరి తిరిగింది.

"కళ్ళు కనబడవా నీకు?"

రోడ్డు మీద రోజుకి వందసార్లు వినబడే మాట. ఎవరూ జవాబు ఆశించని మాట. తమ్ముడు ఆ గొంతు ఎటునుంచి వచ్చిందో వెతుక్కుంటూ తల తిప్పాడు, ఆయనున్న చోటు దాటిపోయి, మళ్ళీ వెనక్కొచ్చి, ఆయన గొడుగు దగ్గర ఆగాడు.

"కనబడవండీ" అన్నాడు.

ఎగతాళి అనుకుని పెద్దాయన ఇంకేదో అనబోయి, గొడుగు పక్కకి తప్పించి వాడి మొహం చూశాడు. ఆమె పది అడుగుల వెనకే నిలబడిపోయింది. ముందుకు వెళ్ళి నేనున్నాను అనాలని ఒళ్ళంతా లాగుతోంది, కానీ ఆ మాట వాడంతట వాడు, వేరే మనిషితో, మొదటిసారి అన్నాడు. దాన్ని కాసేపు వాడి దగ్గరే ఉండనివ్వాలనిపించింది. పెద్దాయన గోడ విడిచి వచ్చాడు. గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, హ్యాండిలు ఒకవైపు పట్టుకున్నాడు.

"ఎటు వెళ్ళాలి బాబూ?"

తమ్ముడు లైటు ఆర్పేశాడు.

"వెనక్కండీ."